ఆరో తరగతి ఫౌండేషన్‌కి అమెరికా సాక్ష్యం చెల్లదు

అడ్మిషన్ల సీజన్ కదా, విజయవాడ, గుంటూరు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: "అమెరికాలో హైస్కూల్లోనే కాలేజీ పాఠాలు చదివిన పిల్లలు తర్వాత డిగ్రీలో రాణిస్తున్నారని పరిశోధనలు తేల్చాయి. మన ఐఐటీ ఫౌండేషన్ (చిన్న తరగతుల నుంచే ఐఐటీ ప్రవేశపరీక్షకు తయారుచేసే కోచింగ్) కూడా అదే. ఆరో తరగతిలోనే చేర్పిస్తే ఇంటరూ ఇంజినీరింగూ నల్లేరు మీద బండినడక." మూడు వాక్యాలు, మూడింట్లోనూ తిరకాసే.

ముందు పరిశోధనల మాట. అక్కడ హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ కోర్సులు చదివినవాళ్లకు కాలేజీలో మార్కులు బాగానే వస్తాయి, నిజమే. కానీ ఆ కోర్సుల్లో చేరేదెవరు? ఎక్కువగా మొదట్నుంచీ బాగా చదివేవాళ్లు, మంచి స్కూళ్లవాళ్లు. క్లోప్‌ఫెన్‌స్టీన్, థామస్ అనే ఆర్థికవేత్తలు టెక్సస్ విద్యార్థుల వివరాలతో 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. పిల్లల నేపథ్యాన్నీ వాళ్లు చదివిన మిగతా సబ్జెక్టులనీ లెక్కలోకి తీసుకున్నాక, ఈ కోర్సుల వల్ల అదనంగా ఒరిగింది పెద్దగా కనిపించలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థుల మీద గైజర్, శాంటెలిసెస్ 2004లో చేసిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. ఎన్ని కోర్సులు తీసుకున్నారన్నదానికీ కాలేజీ మార్కులకూ సంబంధం అంతంతమాత్రం, ఆ కోర్సు చివర్లో రాసే పరీక్షలో తెచ్చుకున్న స్కోరుకు మాత్రం గట్టి సంబంధం ఉంది. పాఠం బుర్రకెక్కిందా లేదా అన్నదే తేడా, కూర్చున్న సెక్షన్ పేరు కాదు.

మెసేజ్‌కి అనుకూలంగా ఉన్నదీ చెప్పాలి. అక్కడి ‘ఎర్లీ కాలేజీ’ హైస్కూళ్లలో లాటరీలో సీటొచ్చినవాళ్లనీ రానివాళ్లనీ పోల్చి చూస్తే, వచ్చినవాళ్లే ఎక్కువమంది డిగ్రీ పూర్తిచేశారు. అయితే అది హైస్కూలు పిల్లలకు నిజమైన కాలేజీ క్రెడిట్లు (తర్వాత డిగ్రీ లెక్కలో కలిసేవి) ఇచ్చే ఏర్పాటు.

ఇక "మనదీ అదే" అన్న ముక్క. ఎక్కడ అదే? అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్‌లో పిల్లలు తమకు నచ్చిన సబ్జెక్టు ఎంచుకుంటారు, మే నెలలో పరీక్ష రాస్తారు, 5కి 3 గానీ ఆ పైన గానీ వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. మన ఆరో తరగతి పిల్లాడు ఎన్ని బుక్‌లెట్లు అరగదీసినా, రేపు బీటెక్ మొదటి సెమిస్టర్ లెక్కలు అందరితోపాటు రాయాల్సిందే. అసలు 16 ఏళ్లలోపు పిల్లల్ని కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలే ఇచ్చింది. అదే పాఠాన్ని స్కూలు టైంటేబుల్లో కలిపేస్తే అడిగేవాడు లేడు, అది వేరే కథ.

బండినడక సంగతికొస్తే, గుంటూరు బ్రాడీపేటలో మా అపార్ట్‌మెంట్ పిల్లాడొకడు ఎనిమిది చదువుతున్నాడు. సైన్ ఎక్స్ డెరివేటివ్ ఏంట్రా అంటే "కాస్ ఎక్స్ అంకుల్" అని ఠక్కున చెప్పాడు. మరి సైన్ అంటే? ఫార్ములాల పేజీ తీసి చూపించాడు. త్రికోణమితి స్కూలు పుస్తకంలో వచ్చేది పదో తరగతిలో! నేను పాఠం చెప్పే ఫస్టియర్ క్లాసులో ఇలాంటివాళ్లు పెద్దయి కూర్చుంటారు. గ్రాఫ్ గీసి, ఈ బిందువు దగ్గర వాలెంత అని అడిగితే, "ఆప్షన్లు ఇవ్వండి సార్" అంటారు.

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లెక్సీల మీద ర్యాంకర్లు కనిపిస్తున్నారు కదా అనొచ్చు. ఆరులో చేరి తొమ్మిదికల్లా కింది సెక్షన్‌కి దిగిపోయినవాళ్ల ఫొటోలు ఎవరూ వేయరు. ఫీజు కట్టేముందు ఆఫీసులో ఆ లెక్క అడగండి: ఆరులో ఎంతమంది చేరారు, పదికి ఎంతమంది మిగిలారు, మిగతావాళ్లు ఏమయ్యారు?