మిత్రుల పర్వతారోహణం: ఒక విన్నపం

దూరాన ఉన్న స్నేహితులు శని, ఆదివారాలు గడపడానికి వస్తామంటే సంతోషించాలని పెద్దలు చెప్పారు. ఆ పెద్దల కాలంలో స్నేహితులు కొండలు ఎక్కేవారు కారు. వచ్చి, తిని, అరుగు మీద ఓ కునుకు తీసి వెళ్లేవారు. మా వాళ్లు, బెంగళూరు నుంచి ఒకడు, పుణె నుంచి ఒకడు, 11 ఏళ్ల తరువాత శ్రీకాకుళం వస్తూ కబురుతో పాటు షరతు కూడా పంపారు. ఎక్కడానికి కొండ ఉండాలట.

మహేంద్రగిరి పేరు వాళ్లే ఎత్తారు. ఎత్తు 1501 మీటర్లు. "అది ఒడిశాలో ఉంది" అన్నాను వెంటనే. రాష్ట్రాభిమానం అనుకున్నారు గాని, అది మోకాళ్ల మీది అభిమానం. సరిహద్దులు ఎందుకు గీస్తారో నాకు ఆ రోజే తెలిసింది. అక్కడ పరశురాముడు ఇంకా తపస్సులో ఉన్నాడంటారు, సెల్ఫీలు తీస్తే ఊరుకునే మనిషి కాడని కూడా చెప్పి, శాలిహుండం ఖాయం చేశాను. చిన్న కొండ. పక్కనే వంశధార. మెట్లున్నాయన్న సంగతి మాత్రం ముందుగా చెప్పలేదు.

రైలు దిగగానే మొదటి తగాదా. బోర్డు మీద 'శ్రీకాకుళం రోడ్' అని ఉంది, ఊరేదిరా అన్నాడు పుణె వాడు. ఇది ఆమదాలవలస. రోడ్డు అని రాశారే గాని ఊరు అనలేదు కదా, ఆ రోడ్డు పట్టుకుని పోతే ఊరు వస్తుంది అన్నాను. ఇంత నిజాయితీ గల బోర్డు మరో స్టేషన్‌లో చూపించమనండి.

ఆదివారం పొద్దున పలాస జీడిపప్పు దండిగా వేసిన ఉప్మా. బెంగళూరు వాడు మూడోసారి వడ్డించుకుంటుండగా అతని చేతి గడియారం కీచుమంది. చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి నడవండి అని దాని భావమట. "ఆ గడియారాన్ని ఎవరు పిలిచారు అన్నయ్యా?" అంది మా ఆవిడ. అతను సిగ్గుపడి దాన్ని తీసి ఊరగాయ జాడీ పక్కన పెట్టాడు. అక్కడా ఊరుకోలేదు, మరో రెండుసార్లు కీచుమంది.

కొండ కింద మా వాళ్లు మడత కర్రలు సాగదీశారు. బూట్ల లేసులు రెండేసి ముళ్లు వేసుకున్నారు. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఒక కుర్రాడు ఈ ఏర్పాట్లన్నీ చూసి, ఏదో కొలతలు తీసే ఉద్యోగులనుకుని మా వెంట పడ్డాడు.

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. ఈ కొండ మీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులు గారు. 1863లో పుట్టిన మనిషి, అంటే అప్పటికి 55 దాటాయి. మాట్లాడే భాషలోనే రాయాలని జీవితమంతా పోరాడారు. ఆయన వాదంలోని బలం నాకు బడిలో తెలియలేదు, మెట్ల మీద తెలిసింది. కింద బయలుదేరినప్పుడు బెంగళూరు వాడు "ప్రకృతి ఒడిలో ఆత్మావలోకనం" అన్నాడు. పాతిక మెట్లకు సమాసాలు ఊడిపోయాయి. మలుపు దగ్గర విభక్తులు పోయాయి. ఆ పైన మిగిలింది "నీళ్లు" అన్న ఒక్క మాటే. అంతకంటే స్వచ్ఛమైన వ్యావహారికం ఎక్కడ దొరుకుతుంది? కుర్రాడు మాత్రం నోట్లో పల్లీలతోనే పూర్తి వాక్యాలు మాట్లాడుతున్నాడు.

పైన స్తూపాల ఇటుకల పునాదులు, కింద ఇసుక తిన్నెల మధ్య వంశధార. చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు. బుద్ధుడి ప్రభావం అందామనుకున్నాను గాని, కారణం ఊపిరితిత్తులే. ఆ ఆయాసంలోనే పుణె వాడు హఠాత్తుగా, హాస్టల్లో నా దగ్గర 60 రూపాయలు తీసుకున్న సంగతి ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా ఫోనులో అడిగితే "ఏ అరవై?" అనేవాడు. ఊపిరి అందని మనిషికి అబద్ధమాడేంత తీరిక ఉండదు.

అందుకే బ్యాంకుల వారికి నా విన్నపం. మొండి బకాయిదారులకు నోటీసుల మీద నోటీసులు పంపి కాగితం వృథా చెయ్యకండి. మర్యాదగా ఉప్మా పెట్టించి శాలిహుండం ఎక్కించండి. అసలుకైతే మెట్లు చాలు. వడ్డీ కూడా కావాలంటే మహేంద్రగిరి ఉండనే ఉంది. ఒడిశా అయినా ఫరవాలేదు, ఎక్కేది నేను కాదు.

నాకు అసలు మాత్రమే వచ్చింది. అందులో పది రూపాయలు అక్కడికక్కడే కుర్రాడి పల్లీలకు పోయాయి.

దిగాక మందస కోవా తింటూ ఫోటోలు చూసుకున్నారు. పుణె వాడు కెమెరాను నేల మీద పెట్టి తీయించుకున్న దానిలో అతని వెనుక ఆకాశం తప్ప మరేమీ లేదు, హిమాలయాలన్నా నమ్ముతారు. ఒక్క మూలన మాత్రం పల్లీలు ఒలుస్తున్న మోచెయ్యి కనిపిస్తోంది. దాన్ని చెరిపేసే ఉపాయం తెలుసా అని నిన్న రాత్రి ఫోను చేశాడు.