చిల్లీలో రాజ్మా తప్పనిసరా? కానే కాదు

చలి మొదలవగానే టెక్సాస్‌లోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతుంది. "చిల్లీ అచ్చమైన మెక్సికన్ వంటకం. రాజ్మా, టొమాటో పడకపోతే అది చిల్లీయే కాదు. చిల్లీ పౌడర్ అంటే మన కారమే. అరగంటలో అయిపోతుంది" అని. చిల్లీ అంటే ఇక్కడ చిల్లీ కాన్ కార్నే, ఎండుమిరప ముద్దలో ఉడికించే మాంసం కూర. ఏళ్ల తరబడి దీన్ని వండుతున్నదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

మెక్సికో వాళ్లే దీన్ని తమది కాదంటారు. 1959లో సాంతామారియా అనే పండితుడు కూర్చిన మెక్సికన్ పదాల నిఘంటువు, చిల్లీ కాన్ కార్నే అంటే మెక్సికో పేరు తగిలించుకుని టెక్సాస్ నుంచి న్యూయార్క్ దాకా అమ్ముడయ్యే రోత తిండి అని తిట్టింది. నిజానికి ఇది టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరం కూర. అక్కడి పేద ఇళ్లలో కాస్త మాంసానికి దాదాపు అన్నే మిరపకాయ ముక్కలు కలిపి ఉడికిస్తారని 1828లో క్లాపర్ అనే ప్రయాణికుడు రాశాడు. అప్పటికి టెక్సాస్ మెక్సికోలో భాగమే, ఆ మూలాన్ని నేను కాదనను. కానీ దీన్ని లోకానికి రుచి చూపించింది మాత్రం శాన్ ఆంటోనియో ఆడవాళ్లు. ఇంట్లో వండిన కూరను పొద్దుగూకే వేళకు బళ్ల మీద మిలిటరీ ప్లాజా అనే కూడలికి తెచ్చి, కర్రల మంట మీద వేడి చేసి, లాంతర్ల వెలుగులో వడ్డించేవాళ్లు. వాళ్లను చిల్లీ క్వీన్స్ అనేవారు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో శాన్ ఆంటోనియో చిల్లీ స్టాండ్ కూడా పెట్టారు. ఇంత చేసిన ఆ ఆడవాళ్ల బల్లల్ని 1930ల చివర్లో ఆరోగ్య నిబంధనల పేరుతో ఎత్తేయించారు. ఆ పోస్టులో వాళ్ల ఊసే లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక రాజ్మా. 1977లో టెక్సాస్ తన రాష్ట్ర వంటకంగా ప్రకటించుకున్న కూర ఇది. 1967 నుంచి టెక్సాస్‌లోని టెర్లింగ్వా అనే ఊళ్లో దీనికి పోటీలు జరుగుతున్నాయి, అక్కడ కుండలో రాజ్మా లాంటి బీన్స్ గింజలేవీ పడటానికి వీల్లేదు. పింటో బీన్స్ పక్కన వేరే గిన్నెలో పెట్టుకుంటారు. వేరే రాష్ట్రాల్లో బీన్స్ వేస్తారు, ఒహాయోలోని సిన్సినాటిలో అయితే స్పగెట్టీ మీద పోసుకుంటారు. అది వాళ్ల ఇంటి రుచి, తప్పేం లేదు. తప్పనిసరి అనడమే తప్పు. టొమాటోకీ అదే మాట.

అన్నిటికన్నా నష్టం చేసేది కారం మాట. 1890ల్లో టెక్సాస్‌లోని న్యూ బ్రాన్‌ఫెల్స్‌లో గెబ్‌హార్ట్ అనే జర్మన్ వలసదారు చిల్లీ పౌడర్‌ను అమ్మకానికి తెచ్చాడు. ఇక్కడి షాపుల్లో ఆ పేరుతో దొరికేదాంట్లో జీలకర్ర, ఒరెగానో, వెల్లుల్లి పొడి కలిసి ఉంటాయి. పైగా చిల్లీలో వాడే ఆంచో అనే మెక్సికన్ ఎండుమిరప ఘాటు, కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో వెయ్యి, రెండు వేలు ఉంటే, మన గుంటూరు సన్నం 35 వేలు దాటుతుంది. రెసిపీలో నాలుగు చెంచాలంటే నాలుగు చెంచాల గుంటూరు కారం వేసి, కుండెడు కూర పారబోసినవాళ్లు నాకు తెలుసు.

పాత పద్ధతిలో అసలు పొడే అక్కర్లేదు. కిలో మాంసానికి నేను ఆరు ఆంచో, నాలుగు గ్వాహీయో ఎండుమిరపకాయలు తీసుకుంటాను. తొడిమలు తీసి, గింజలు దులిపి, ఉత్త పెనం మీద దోరగా వేయించాలి. ఆంచో నుంచి కిస్మిస్ లాంటి వాసన రాగానే దించేయాలి, మాడితే కూరంతా చేదే. అరగంట వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా రుబ్బి, జల్లెట్లో వడకట్టి పిప్పి తీసేయాలి. కూరకు ఎరుపు వచ్చేది ఈ ముద్ద నుంచే.

మాంసం ఖీమా కాదు, అర అంగుళం ముక్కలు. బీఫ్ తినని ఇళ్లలో మేకమాంసం వాడుకోవచ్చు, టెక్సాస్ వాళ్లే జింక మాంసంతోనూ చేస్తారు. ముక్కల్ని కొవ్వులో కొంచెం కొంచెంగా వేయించి, ఉల్లి, వెల్లుల్లి, వేయించి దంచిన జీలకర్ర, ఒరెగానో, మిరప ముద్ద వేసి, ముక్క మునిగేలా నీళ్లు పోయాలి. అరగంటకు ముక్క రబ్బరులా ఉంటుంది. సన్నని సెగ మీద రెండున్నర, మూడు గంటలు పడుతుంది. చివర్లో రెండు చెంచాల మాసా, అంటే సున్నపు నీళ్లలో ఉడికించిన మొక్కజొన్న పిండి, నీళ్లలో కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. ముక్కను గరిటె వెనకతో నొక్కితే విడిపోవాలి, పైన ఎర్రటి నూనె తేలాలి. అప్పుడు దించండి.