కీమో తేదీతో బేరాలా?

ఆరోగ్యశ్రీ సేవలు మళ్లీ మొదలయ్యాయి. బకాయిలు రాలేదంటూ 2025 సెప్టెంబరులో సేవలు బంద్ పెట్టిన ప్రైవేటు ఆసుపత్రులు, సర్కారు కొంత డబ్బు విడుదల చేసి మిగతాది నెలనెలా ఇస్తామన్నాక దిగొచ్చాయి. బతుకమ్మ ముందు గొడవ సద్దుమణిగిందని హైదరాబాద్‌లో పెద్దలు ఊపిరి పీల్చుకున్నారు. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ వైపు ఉన్న మేము పీల్చుకోలేకపోతున్నాం. జనవరిలోనూ ఇదే జరిగింది. అప్పుడూ ఆపారు, అప్పుడూ హామీలు ఇచ్చారు, మళ్లీ తెరిచారు. ఒకే ఏడాదిలో రెండుసార్లు. ఆపితే తప్ప పైసా కదలదని ఆసుపత్రులకు అర్థమైంది. ఆపేదాకా ఇవ్వకపోయినా నడిచిపోతుందని సర్కారుకు అలవాటైంది. మధ్యలో నలిగేది కీమో (క్యాన్సర్ కణాలను చంపే మందు) తేదీ రాసిన చీటీ పట్టుకుని కూర్చున్న మనిషి.

మందుల సప్లయర్లకు, నర్సుల జీతాలకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలని ఆసుపత్రులు అడుగుతున్నాయి. పాత ప్రభుత్వం పెట్టిపోయిన బాకీలు మా నెత్తిన పడ్డాయని సర్కారు అంటోంది. రెండింటిలోనూ ఎంతో కొంత నిజం ఉండొచ్చు. ఆ లెక్క తేలేదాకా రోగి ఎందుకు ఆగాలి?

బంద్ అనగానే ఎమర్జెన్సీ కేసుల మాటే ముందుకొస్తుంది. యాక్సిడెంటు ఎమర్జెన్సీ, గుండెపోటు ఎమర్జెన్సీ. మరి కీమో? ముందుగా తేదీ ఇచ్చి పిలిచే వైద్యం కాబట్టి కాగితం మీద అది ఎమర్జెన్సీ కాదు. చాలా రకాల కీమో 21 రోజులకొకసారి ఎక్కిస్తారు. ఆ అంకె ఎవరికో తోచి పెట్టింది కాదు. మందు పడ్డాక తెల్ల రక్తకణాలు పడిపోతూ పది పద్నాలుగు రోజులకు బాగా అడుగుకు చేరతాయి. మూడో వారానికి తేరుకుంటాయి. ఒళ్లు తేరుకోగానే, గడ్డ తేరుకోకముందే రెండో దెబ్బ వేయాలి. వైద్యమంతా ఆ సందులోనే ఉంది. రక్తకణాల కౌంట్ తక్కువ వచ్చిందని డాక్టరే వారం ఆపడం వేరు, సచివాలయంలో బిల్లు ఆగిందని ఆపడం వేరు.

రేడియేషన్ సంగతి ఇంకా కచ్చితం. మన ఊళ్లలో దాన్ని కరెంటు పెట్టించుకోవడం అంటారు. సాధారణంగా వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు బయటి నుంచి ఇచ్చేది, లోపల పెట్టి ఇచ్చేది కలిపి 8 వారాల్లో ముగించాలని డాక్టర్లు పట్టుబడతారు. ఆ గడువు దాటేకొద్దీ జబ్బు అదుపులోకి వచ్చే అవకాశం తగ్గుతూ పోతుంది. గుట్కా, జర్దా, బీడీలతో వచ్చే నోటి, గొంతు క్యాన్సర్లలోనూ ఇంతే. మధ్యలో విరామం దొరికితే, చావకుండా మిగిలిన కణాలు ఇంకా వేగంగా పెరుగుతాయి. కాంట్రాక్టరు బిల్లు రాకపోతే రోడ్డు పని ఆపుతాడు. ఆరు నెలలు ఆగినా ఆ రోడ్డు అక్కడే ఉంటుంది. గడ్డ ఆగదు.

దేవరకొండ అవతలి తండా నుంచి ఒక తల్లిని కీమోకు తీసుకెళ్లడమంటే ఏమిటో ఫైళ్లు చూసేవారికి తెలియాలి. తెల్లారకముందే ఇల్లు కదలాలి. బస్సులో ఆమెకు మహాలక్ష్మి ఉచిత టికెట్ ఉంటుంది, పక్కన కూర్చున్న కొడుక్కి ఉండదు. ఆ రోజు అతని కూలీ కూడా పోతుంది. ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కి లక్డీకాపూల్ చేరేసరికి సగం పూట అయిపోతుంది. ముందు రక్తపరీక్ష, ఆ రిపోర్టు కోసం ఎదురుచూపు, తర్వాత కుర్చీలోనో మంచం మీదో గంటల తరబడి సెలైన్. ఇంటికొచ్చాక మూడు నాలుగు రోజులు వాంతులు, ఆపైన నోటి పూత. గంజి నీళ్లు కూడా దిగవు. కోడలు పత్తి చేనుకు పోకుండా ఆమె పక్కనే ఉండాలి. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగడానికి లేదు. కౌంట్ పడిపోయిన ఒంటికి మామూలు జ్వరమే ప్రాణం మీదికి తెస్తుంది. మక్తల్, నారాయణపేట వైపు అయితే పెద్ద కొడుకు పుణెలోనో ముంబైలోనో పనిలో ఉంటాడు, మేస్త్రీకి చెప్పి బాకీ మీద బాకీ పెట్టుకుని వస్తాడు. క్యాన్సర్ వైద్యంలో సగం చేసేది ఈ మనుషులే. జీతం లేదు, సెలవు లేదు, వాళ్ల పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

ఇంత చేసి కౌంటర్ దగ్గరికి వెళ్తే "ఇప్పుడు అప్రూవల్స్ లేవమ్మా, మళ్లీ ఫోన్ చేస్తాం" అని అక్కడ కూర్చునే ఆరోగ్యశ్రీ ఉద్యోగి ఆరోగ్యమిత్ర అంటే ఏం చేయాలి? ఆ మాట చెప్పే చిన్న ఉద్యోగిని తిట్టి లాభం లేదు. ఆ రాత్రి ఆ ఇంట్లో మాటలన్నీ ఎకరం అమ్ముదామా, గొలుసు తాకట్టు పెడదామా, నూటికి మూడు రూపాయల మిత్తికి తెద్దామా అన్నవే. ఆ మాటలు ఇళ్లలో వినబడకూడదనే కదా ఆరోగ్యశ్రీ తెచ్చింది.

ఆ పథకం మొదలైందీ ఇక్కడే. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో తొలిగా అమలు చేసిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. వెనుకబడిన జిల్లాలని చూసే ఎంచుకున్నారు. 2023 డిసెంబరులో ఇప్పటి ప్రభుత్వం ఉచిత వైద్యం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అది మంచి పని. కానీ కార్డు మీద పది లక్షలుండి, కీమో రోజున కౌంటర్ మూసి ఉంటే పాలమూరు మళ్లీ 2007కు ముందు రోజుల్లోనే ఉన్నట్టు.

సర్కారు దవాఖానకు పోవచ్చు కదా అనేవారున్నారు. పోతున్నారు. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుంచి పేదల దిక్కు. ప్రైవేటు ఆగితే ఆ రద్దీ వచ్చి పడేది అక్కడే, అక్కడి డాక్టర్లు, నర్సులు, వార్డుబాయ్‌లూ మనుషులే. పైగా కోర్సు మధ్యలో ఆసుపత్రి మారడమంటే బస్సు మారినంత తేలిక కాదు. బయాప్సీ స్లైడ్లు, స్కాన్లు, ఎంత డోసు పడిందన్న లెక్క అన్నీ మొదటి నుంచి చూడాలి. రేడియేషన్‌కైతే ఒక మెషిన్ మీద చేసిన ప్లానింగ్‌ను మరోచోట తిరిగి చేయాల్సి వస్తుంది. రోజులు వాటికే పోతాయి.

మహబూబ్‌నగర్, నల్లగొండలకు మెడికల్ కాలేజీలు వచ్చి ఏళ్లయింది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెట్టిస్తామని కేంద్రం 2025 బడ్జెట్‌లో చెప్పింది. మొదటి కీమో హైదరాబాద్‌లో ఎక్కించుకుని మిగతావి సొంత జిల్లాలో ఎక్కించుకోగలిగితే ఈ కుటుంబాల భారం చాలా దిగుతుంది. అందుకు బోర్డు చాలదు. కీమో కలపడంలో శిక్షణ పొందిన నర్సు కావాలి, మందు స్టాక్ కావాలి, అర్ధరాత్రి జ్వరంతో వస్తే చూసే డాక్టరు కావాలి. ఇక నయం కాదని తేలిన రోగికి నొప్పి తగ్గించే మార్ఫిన్ మాత్ర దగ్గర్లోనే దొరకాలి. దానికి అడ్డుగా ఉన్న మత్తుమందుల చట్టాన్ని 2014లోనే సడలించారు. నొప్పితో మెలికలు తిరిగే మనిషిని ఆ మాత్ర కోసం వంద కిలోమీటర్లు తిప్పడం పాపం.

ఇవన్నీ వచ్చేదాకా మన రోగులు ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో నిలబడక తప్పదు. అందుకే ఈ బంద్ అలవాటు మమ్మల్ని భయపెడుతోంది. ఈసారి పనిచేసింది కాబట్టి వచ్చేసారీ ఇదే చేస్తారు. జనవరిలో పనిచేసింది కాబట్టే సెప్టెంబరులో చేశారు. కోర్సు మధ్యలో ఉన్న క్యాన్సర్ రోగిని ఏ కారణంతోనూ ఆపకూడదని ఆసుపత్రులతో చేసుకునే ఒప్పందంలోనే రాయాలి, తప్పిన ఆసుపత్రిని జాబితా నుంచి తీసేయాలి. అదే ఒప్పందంలో క్యాన్సర్ బిల్లు ఎన్ని రోజుల్లో కడతారో సర్కారు రాయాలి. గడువు దాటితే వడ్డీ కట్టాలి. ఆ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి, మరో పథకానికి మళ్లించకూడదు. ఒకరిని కట్టేసి ఇంకొకరిని వదిలేస్తే మూడో బంద్‌కు మనమే ముహూర్తం పెట్టినట్టు.

ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పాలమూరు బిడ్డ. కొండారెడ్డిపల్లిలో పుట్టి, కొడంగల్ నుంచి గెలిచిన నాయకుడు. ఉమ్మడి నల్లగొండ నుంచి ఇద్దరు సీనియర్ మంత్రులు కేబినెట్‌లో ఉన్నారు. ఈ పల్లెల సంగతి వారికి మేము చెప్పక్కర్లేదు. తెలిసి కూడా బిల్లులు పేరబెట్టి, బంద్ దాకా రానివ్వడం క్షమించరానిది. ఆసుపత్రుల యాజమాన్యాలకూ చెబుతున్నాం: బాకీ రాకపోతే కోర్టుకు వెళ్లండి, మంత్రి ఇంటి ముందు కూర్చోండి, మీ పక్షాన మేమూ రాస్తాం. మంచం మీదున్న మనిషిని అడ్డం పెట్టుకోకండి. ఇద్దరూ ముందు ఒక పని చేయండి. బంద్ రోజుల్లో తప్పిపోయిన కీమోలు ఎన్ని, ఆగిన రేడియేషన్లు ఎన్ని, ఆ రోగులకు తిరిగి ఏ తేదీ ఇచ్చారు? జిల్లాలవారీగా ఆ లెక్క బయటపెట్టండి.