నగల కంపెనీ మాట గని దాకా పోవాలి

పెద్ద పెద్ద నగల కంపెనీలు ఇప్పుడు వాతావరణం గురించి మాట ఇస్తున్నాయి. అమెరికా కంపెనీ టిఫనీ 2040 కల్లా నెట్ జీరోకి, అంటే గాలిలోకి వదిలే కార్బన్‌ని బాగా తగ్గించి, మిగిలిన కొంచెం కూడా సరిచేసే స్థితికి చేరతానంది. కొత్త నగల కోసం తాము కొనే వెండీ బంగారమూ ఇకమీదట అంతా రీసైకిల్ చేసినదేనని డెన్మార్క్ కంపెనీ పండోరా 2024 జనవరిలో ప్రకటించింది. సంతోషం. కానీ ఇలాంటి ప్రకటన కనబడితే నేను ముందు వెతికేది ఒక్కటే: ఆ కార్బన్ లెక్క షోరూం గుమ్మం దగ్గరే ఆగిపోయిందా, గని దాకా పోయిందా?

షోరూంలో లైట్లు, ఏసీలు, వర్క్‌షాపులో కొలిమి, ఇవన్నీ కార్బన్ లెక్కలో స్కోప్ 1 (కంపెనీ తానే కాల్చే ఇంధనం), స్కోప్ 2 (కొనే కరెంటు) కిందికి వస్తాయి. కప్పు మీద సోలార్ పలకలు వేస్తే వీటిలో చాలా భాగం తగ్గుతుంది. అసలు బరువు స్కోప్ 3లో, అంటే కంపెనీ బయట పుట్టే కార్బన్‌లో, ముఖ్యంగా కొనుక్కొచ్చే బంగారంలో ఉంది. గనిలోంచి కొత్తగా తీసిన కిలో బంగారం వెనక సుమారు 33 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఉంటుందని వరల్డ్ గోల్డ్ కౌన్సిల్ లెక్కగట్టింది. మన లెక్కలో చెప్పుకుంటే, 22 క్యారెట్ల నగలో కాసుకి, అంటే 8 గ్రాములకి, దాదాపు 240 కిలోలు. పెళ్లికూతురి మెడలో పది కాసుల హారం వేస్తే రెండు టన్నుల పైమాటే. టన్ను రాయి పగలగొట్టి పొడి చేస్తే చేతికొచ్చేది కొన్ని గ్రాములే మరి. రాయి మోసే లారీలకి డీజిల్, పొడి చేసే మరలకి కరెంటు. దక్షిణాఫ్రికాలో అయితే ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే.

బెంగళూరులో ఉండే మనకి గని అంటే దూరపు సంగతి కాదు. కేజీఎఫ్, అంటే కోలారు బంగారు గనులు, ఇక్కడికి వంద కిలోమీటర్లు. అక్కడ దిగి పనిచేసిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ గనుల కోసమే 1902లో శివనసముద్రం దగ్గర కావేరి నీటితో కరెంటు తీసి, అంత దూరం తీగ లాగారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపం వెలిగింది ఆ తర్వాత, 1905లో. వాతావరణం మీద బెంగతో చేసిన పని కాదది, ఖర్చు కలిసొస్తుందని చేసింది. ఏమైతేనేం, బొగ్గు కరెంటు లేకుండా గని నడపొచ్చని మన పక్కనే ఎప్పుడో రుజువైంది. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూసేశారు. సైనైడ్ దిబ్బలు మాత్రం ఊరి మధ్య అలాగే ఉన్నాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది. ఏ కంపెనీ కార్బన్ లెక్కలోనూ అది ఎక్కదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రీసైకిల్ సంగతికొస్తాను. చిక్‌పేటలో పాత గాజులు కరిగించడం చూసినవాళ్లకి తెలుసు. తూకం వేసి, మిషన్లో పెట్టి శాతం చూసి, మూసలో వేసి కాస్త వెలిగారం చల్లి మంట పెడతారు. చూస్తుండగానే ముద్దవుతుంది. గనితో పోలిస్తే దానికయ్యే ఇంధనం లెక్కలోకే రాదు. అయినా రీసైకిల్ అన్న మాట ఒక్కటే నాకు చాలదు. బంగారాన్ని ఎవరూ చెత్తలో పారేయరు. అమ్మకానికొచ్చిన పాత బంగారాన్ని ఎవరో ఒకరు ఎలాగూ కొంటారు. అదంతా ఒక కంపెనీ ఎగరేసుకుపోతే పక్క కంపెనీ గని బంగారం కొంటుంది. గనులు ఏటా 3,000 టన్నుల పైనే తవ్వుతున్నాయి. కంపెనీ పుస్తకంలో తగ్గింది గాని గాలిలో తగ్గలేదు. ఏళ్ల తరబడి లాకర్లో కదలకుండా పడున్న బంగారం బయటికి రావడం వేరు, దాని వల్ల ఆ మేరకు దిగుమతి తగ్గుతుంది. మన దేశంలో ఇళ్లలో ఉన్నదే 25,000 టన్నుల దాకా ఉంటుందని అంచనా. పాత నగ మార్చుకునే పథకాలు పెట్టే కంపెనీలు, దాని వల్ల కొత్త బంగారం కొనడం ఎంత తగ్గిందో కూడా చెప్పాలి.

మన చట్టం ఇక్కడ మెతకగా ఉంది. స్టాక్ మార్కెట్లో లిస్టయినవాటిలో మార్కెట్ విలువ ప్రకారం తొలి వెయ్యి కంపెనీలు పర్యావరణ నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసింది. అందులో స్కోప్ 3 మాత్రం ఇష్టమైతేనే. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఆ సడలింపు ఇచ్చినా అర్థం చేసుకోగలను. నగల వ్యాపారంలో కార్బన్ ఉన్నదే అక్కడ కాబట్టి వీళ్లకి తప్పనిసరి చేయాలి. తనిష్క్ నగలమ్మే టైటాన్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు మనది, ఈ మాట ఇక్కడి నుంచే గట్టిగా వినబడాలి. లిస్టు కాని దుకాణాలకైతే ఆ పాటి నివేదిక కూడా లేదు.

కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర ప్రైవేటు బంగారు గని వచ్చింది. అదే కర్నూలు ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. జొన్నగిరి మరలు ఏ కరెంటుతో తిరుగుతాయో అడగాల్సింది ఆ బంగారం కొనే కంపెనీలే. కొనేవాడు అడిగితే గని యజమాని వింటాడు.

ఉగాది వేడుకలకి మన తెలుగు సంఘం ఏటా నగల దుకాణాల దగ్గరికి స్పాన్సర్‌షిప్ కోసం వెళ్తుంది. ఈసారి వెళ్లే కమిటీ సభ్యులు రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాను: నిరుడు కొన్న బంగారంలో గనిది ఎంత, ఆ గనులకి కరెంటు ఎక్కడిది? ఏ జవాబొచ్చినా, అసలు రాకపోయినా, ఆ దుకాణం ప్రకటన పక్కనే అచ్చు వేద్దాం.