సవరణ: 1870 లార్డ్స్ మ్యాచ్‌లో కాబ్డెన్

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ క్రికెట్ జట్టు బౌలర్ ఫ్రాంక్ కాబ్డెన్ గురించి మొన్న రాసిన పోస్టులో, 1870లో ఆక్స్‌ఫర్డ్‌పై చివరి ఓవర్లో ముగ్గురినీ అతను బౌల్డ్ చేశాడని, ఆ ఇన్నింగ్స్‌ను ఒంటిచేత్తో కూల్చాడని రాశాను. రెండూ తప్పే. స్కోర్‌కార్డును, అప్పటి వర్ణనలను సరిగా పోల్చుకోకపోవడం నా పొరపాటు.

ఆక్స్‌ఫర్డ్ లక్ష్యం 179. చివరి ఓవర్ మొదలయ్యేసరికి చేతిలో 3 వికెట్లు, కావలసింది 3 పరుగులు. అప్పట్లో ఓవర్‌కు 4 బంతులే. మొదటి బంతికి ఒక పరుగు వచ్చింది. రెండో బంతికి బట్లర్ ఇచ్చిన క్యాచ్‌ను బోర్న్ పట్టాడు. తర్వాతి రెండు బంతులకు ఔటైన బెల్చర్, స్టూవర్ట్ మాత్రమే బౌల్డ్. అలా వరుస బంతుల్లో మూడు వికెట్లతో కాబ్డెన్‌కు హ్యాట్రిక్. కేంబ్రిడ్జ్ 2 పరుగులతో గెలిచింది.

ఆ ఇన్నింగ్స్‌లో ఎక్కువ వికెట్లు తీసింది కేంబ్రిడ్జ్‌కే ఆడిన వార్డ్, 29 పరుగులకు 6. కాబ్డెన్‌వి నాలుగు. హ్యాట్రిక్ వెలుగులో వార్డ్ పేరు మరుగున పడిపోయింది. నా పోస్టులోనూ అతని పేరు లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

అన్నట్టు, ఆ క్యాచ్‌తో ఔటైన బట్లరే మరుసటి ఏడు ఇదే పోటీలో కేంబ్రిడ్జ్ తొలి ఇన్నింగ్స్‌లో 38 పరుగులకు 10 వికెట్లూ తీశాడు.