ఏ మందు కొట్టాలని అడిగే ముందు కుండీ బోర్లించి చూడండి

శ్రావణమాసం వచ్చేసరికి అమలాపురంలో నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. కడియపులంక నర్సరీలో కొన్నదో, ఎవరో గృహప్రవేశానికి బహుమతిగా ఇచ్చినదో, ఒక ఫెలినాప్సిస్ ఆర్కిడ్ ఆకు మీద నల్లమచ్చ కనిపించిందని ఫొటో వస్తుంది, దాని వెనుకే "ఏం మందు కొట్టమంటారండీ?" అన్న ప్రశ్న వస్తుంది. మొక్క ఏ గదిలో ఉంది, నీళ్ళు ఏ వేళ పోస్తున్నారు, వేరు ఏ రంగులో ఉంది అని నేను తిరిగి అడిగితే, అవన్నీ తరువాత చూద్దాం, ముందు మందు పేరు చెప్పండి అంటారు. ఈ తొందర మీద నాకున్న కోపమే ఈ పోస్టుకు కారణం.

కోపపడే అర్హత నాకు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. నా మొదటి ఆర్కిడ్ అడుగు ఆకు పసుపెక్కి, ఆకు మొదలు దగ్గర నల్లబడినప్పుడు, మా బావగారు వరిలో పాముపొడ తెగులుకు కొట్టగా మిగిలిన హెక్సాకోనజోల్ అనే శిలీంధ్రనాశిని తెచ్చి, కొలత కూడా చూడకుండా పిచికారీ చేశాను. వారం తిరగకముందే నడిమి ఆకును పట్టుకోగానే అది ఊడి చేతిలోకి వచ్చింది. కొబ్బరి తోట ఉన్నవారికి ఈ లక్షణం వేరే చెప్పనక్కరలేదు. మొవ్వుకుళ్ళు సోకిన చెట్టు మొవ్వాకు కూడా అలాగే లాగగానే ఊడివస్తుంది.

ఆ పోలిక కేవలం చూపుకు సంబంధించినది కాదు. కొబ్బరికి, తాటికి మొవ్వుకుళ్ళు తెచ్చే ఫైటోఫ్తొరా పామివోరా అనే సూక్ష్మజీవే ఆర్కిడ్లలో నల్లకుళ్ళునూ కలిగిస్తుంది. 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో మన డెల్టా తాటిచెట్లు మొవ్వు కుళ్ళి చనిపోతున్నప్పుడు ఆ వ్యాధిని పరిశోధించిన ఎడ్విన్ బట్లర్ పేరు, నేటికీ ఆ జీవి శాస్త్రీయ నామం పక్కనే ఉంటుంది. దీనిని మనం వాడుకలో శిలీంధ్రం అంటున్నా, ఇది అసలైన శిలీంధ్రం కాదు. దీని కణగోడలో సెల్యులోజు ఉంటుంది, దీని బీజాలు నీటిలో ఈదుతాయి. అందువల్లనే వరికి వాడే హెక్సాకోనజోల్ గానీ, ప్రతి దుకాణంలోనూ చేతికి ముందుగా అందే కార్బెండజిమ్ గానీ దీని మీద పనిచేయవు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున కలిపి వాడితే ఫలితం ఉంటుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కూడా వాడవచ్చు, కాని రాగి మందులు పూలను, లేత చిగుళ్ళను మాడ్చగలవు.

ఇంతకీ మచ్చలన్నీ నల్లకుళ్ళు కావు. మచ్చ నీరుకారుతూ, మెత్తబడి, దుర్వాసన వస్తే అది బాక్టీరియా కుళ్ళు. శిలీంధ్రనాశిని ఎంత పోసినా దానికి లెక్కలేదు. గుండ్రని వలయాలతో, మధ్యలో నల్లని చుక్కలతో ఎండిన మచ్చ అయితే ఆంత్రాక్నోస్ అనే శిలీంధ్ర తెగులు కావచ్చు. పూరేకుల మీద సన్నని గోధుమ చుక్కలు బోట్రైటిస్ అనే బూజు పని. పడమటి కిటికీ ఎండ తగిలి కమిలిన ఆకును చూసి మందు కొట్టిన వారిని కూడా నేను చూశాను. అందుకే నేను మచ్చ అంచు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీస్తాను. రెండు రోజుల్లో మచ్చ గీత దాటితే అది పాకే రోగం, దాటకపోతే పాత గాయం. మొవ్వులో గానీ మొక్క మొదలు దగ్గర గానీ నలుపు కనబడితే మాత్రం ఈ నిరీక్షణ పనికిరాదు. ఆ మొక్కను వెంటనే మిగతా వాటి నుంచి దూరంగా పెట్టాలి.

అసలు నేరం ఎక్కువగా కుండీలోనే ఉంటుంది. అమ్మేవారు మట్టికి బదులు నాచును గట్టిగా కూరిన ప్లాస్టిక్ కప్పును, అడుగున రంధ్రం లేని పింగాణీ పాత్రలో దించి, ముచ్చటగా రిబ్బను కట్టి ఇస్తారు. చెట్టు కొమ్మను పట్టుకొని గాలిలో వేలాడవలసిన వేరు, ఆ పాత్ర అడుగున నిలిచిన నీటిలో ఊపిరాడక కుళ్ళుతుంది. మామిడి కొమ్మ మీద బదనిక అని పిలిచే మన వాండా ఆర్కిడ్‌ను చూసి పెరిగిన మనమే ఈ మాట మరిచిపోవడం విచిత్రం. వాన వెలిసిన గంటకే దాని వేర్లు వెండిరంగుకు తిరుగుతాయి. పైగా అడవిలో ఫెలినాప్సిస్ పక్కకు వాలి పెరుగుతుంది కనుక మొవ్వులో నీరు నిలవదు. మనం నిటారుగా నిలబెట్టి, రోజూ ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తాం.

దానికి తోడు మన ఉక్కపోత. రాత్రంతా ఏసీ గదిలో చల్లబడిన ఆకుకు, తెల్లవారి కిటికీ తెరవగానే బయటి తేమగాలి తగిలి, చెంబు మీద పట్టినట్టు చెమ్మ పడుతుంది. ఆ తడి గంటల తరబడి ఆరకపోతే తెగులు బీజం మొలవడానికి ఇంకేమీ అక్కరలేదు. మొక్కను ఆ గదిలోంచి తీసి, నెమ్మదిగా తిరిగే ఫ్యాను గాలి సోకే చోట పెట్టి, ఉదయం పూటే నీళ్ళు పోస్తే సగం రోగాలు దరిచేరవు. తీరం వైపున్నవారు మరొకటి గమనించాలి: ఉప్పునీటి బోరు, కుండీలో వేసే, సరిగా నానబెట్టి కడగని కొబ్బరి డొక్క (పీచు) ముక్కలు వేరు కొసలను మాడుస్తాయి, మాడిన కొసలోంచే కుళ్ళు లోపలికి దిగుతుంది. డొక్క ముక్కలను నీళ్ళు మారుస్తూ కొన్ని రోజులు నానబెట్టాలి. వాననీరు పట్టుకుంటే అంతకన్నా మేలు లేదు.

రోగం వచ్చేసిన మొక్కకు నేను చేసేది ఇది. కుండీ బోర్లించి, పాత నాచంతా పారేసి, నొక్కితే మెత్తగా నలిగే వేర్లను, నల్లబడిన ఆకును ఆరోగ్యంగా ఉన్న భాగం కొంత కలిసేలా కోస్తాను. ప్రతి కోతకూ బ్లేడును పొయ్యి మంటలో కాలుస్తాను. ఆకు గాయానికి దాల్చినచెక్క పొడి అద్దుతాను, వేర్లకు మాత్రం తగలనివ్వను, ఎందుకంటే అది మంచి వేరును కూడా ఎండబెడుతుంది. తరువాత పక్కల రంధ్రాలున్న మట్టికుండీలో బొగ్గు, పెంకు ముక్కలతో నాటి, నాలుగైదు రోజులు నీళ్ళు పోయను. మందు అవసరమైతే పెరట్లోకి తీసుకెళ్ళి, చేతితొడుగులు, ముసుగు వేసుకొని కొడతాను; పిల్లలు పడుకునే గదిలో మాంకోజెబ్ పిచికారీ చేసేవారికి ఏం చెప్పాలో నాకు తెలియదు.

నెలనెలా ముందుజాగ్రత్తగా మందు కొట్టేవారికి కూడా ఒక మాట. ఒకే మందును పదేపదే వాడితే దానికి లొంగని తెగులును మనమే పెంచుకుంటాం. శిలీంధ్రమంటేనే శత్రువు అనుకోవడమూ సరికాదు. ధూళిలాంటి ఆర్కిడ్ గింజలో మొలకకు కావలసిన తిండి ఉండదు, ప్రకృతిలో ఒక శిలీంధ్రం పోషిస్తేనే అది మొలకెత్తుతుందని ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త నోయెల్ బెర్నార్ 1899లోనే గుర్తించారు.

ప్రస్తుతం నా దగ్గర ఆరు మొక్కలున్నాయి. వాటిలో ఒకదాని ఆకు మీద మొన్న ఆదివారం గీసిన పెన్ను గీత ఉంది. ఈ ఉదయానికి కూడా మచ్చ ఆ గీత లోపలే ఉంది.