ఇంట్లో తెలుగు ఆపితే ఇంగ్లీష్ వస్తుందా?

మా చెల్లెలు నిన్న రాత్రి ఒక వాట్సాప్ మెసేజ్ పంపింది. గుంటూరులో వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడోసారి తిరుగుతోందట. అందులో ఉన్నవి నాలుగు మాటలు. ఇంట్లో తెలుగు మానేస్తేనే పిల్లలకు ఇంగ్లీష్ వస్తుంది. ఏడేళ్లు దాటితే ఇక రాదు. తప్పు మాట్లాడిన ప్రతిసారీ అక్కడికక్కడే దిద్దాలి, లేకపోతే అదే అలవాటైపోతుంది. పద్ధతి తెలిస్తే రోజుకు రెండు గంటల చొప్పున 30 రోజులు చాలు. వీటన్నిటి పైన "సైన్స్ నిరూపించిన నిజాలు" అని శీర్షిక! నేను బ్రాడీపేటలో చిన్న గది తీసుకుని ఇంగ్లీష్ చెబుతుంటాను కాబట్టి, "అన్నయ్యా, వీడితో తెలుగు ఆపేయమంటావా?" అని అడిగింది. వీడంటే నాలుగేళ్ల నా మేనల్లుడు.

ఆపొద్దు. నాలుగింటిలో ఎక్కువ నష్టం చేసేది ఈ మొదటి మాటే.

మా చెల్లెలు డిగ్రీ చదివింది. ఇంగ్లీషులో వచ్చే మెయిల్ చదువుకోగలదు. కానీ వాడితో ఇంగ్లీష్ మాట్లాడాలంటే "కమ్", "ఈట్", "డోంట్ టచ్" దగ్గర ఆగిపోతుంది. అదే తెలుగులో అయితే పాలు ఎందుకు పొంగాయో, ఎదురింటి తాతయ్య ఎందుకు అలిగాడో చెబుతుంది. వాడు "ఎందుకూ?" అంటే మళ్లీ చెబుతుంది. కారణం చెప్పడం, జరిగింది వరసగా చెప్పడం, జరగనిది ఊహించడం పిల్లలు ఏదో ఒక భాషలో గట్టిగా నేర్చుకోవాలి. ఒక భాషలో కుదురుకున్న ఈ నేర్పు రెండో భాషకూ అక్కరకొస్తుందని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చాడు. ఆయన చూపించిన తేడా ఇంకొకటి ఉంది. ఆటల్లో కబుర్ల భాష ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుంది. పాఠం అర్థం చేసుకునే భాషకు ఐదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మనం మొదటిది చూసి రెండోది కూడా వచ్చేసిందని మురిసిపోతాం. "గుడ్ ఈవినింగ్ అంకుల్" అని గలగలా పలకరించే పిల్లే సైన్స్ పాఠంలో రెండు ముక్కలు సొంత మాటల్లో చెప్పమంటే బిక్కమొహం వేస్తుంది. నా గదిలో ఇది మామూలే.

క్లాసులో కూడా తెలుగు పనికొస్తుంది. "ఇట్ ఈజ్ రైనింగ్" చెప్పినప్పుడు ఒకడు "ఆ ఇట్ ఎవరు సార్?" అన్నాడు. మంచి ప్రశ్న. మన "వాన పడుతోంది"లో పడేది వానే. ఇంగ్లీషులో కర్త చోటు ఖాళీగా ఉంచకూడదు కాబట్టి అక్కడ ఏదో ఒకటి కూర్చోబెడతారు. తెలుగులో అర నిమిషంలో తేలిపోయింది. ఇంగ్లీషులోనే చెప్పాలని పంతం పడితే ఆ ప్రశ్నే వచ్చేది కాదు.

ఏడేళ్ల గడువు ఎవరు పెట్టారో గానీ, భాషా శాస్త్రవేత్త ఎరిక్ లెనెబర్గ్ 1967లో భాష సహజంగా అబ్బే కాలం రెండేళ్ల నుంచి యుక్తవయసు దాకా అన్నాడు. అదీ ముఖ్యంగా మొదటి భాష గురించి. 1978లో కేథరిన్ స్నో, మరో పరిశోధకురాలు కలిసి నెదర్లాండ్స్‌లో డచ్ నేర్చుకుంటున్న, ఇంగ్లీష్ మాట్లాడే కుటుంబాలను గమనించారు. తొలి నెలల్లో అందరికంటే ముందున్నది 12 నుంచి 15 ఏళ్ల వాళ్లు, వెనకబడింది 3 నుంచి 5 ఏళ్ల పిల్లలు. సుమారు 6.7 లక్షల మంది జవాబులతో 2018లో వచ్చిన పరిశోధనలో వ్యాకరణం పట్టే శక్తి 17 ఏళ్ల దాకా పెద్దగా తగ్గలేదని తేలింది. ఆ లెక్క మీద తర్వాత వాదనలు జరిగాయనుకోండి. ఏమైనా ఏడు కాదు. ఉచ్చారణ విషయంలో మాత్రం చిన్నవాళ్లదే పైచేయి, ఒప్పుకోవాలి. కానీ అందుకు చుట్టూ రోజంతా ఆ భాష వినపడాలి. బడిలో ఒక్క పీరియడ్‌తో అది జరగదు.

తప్పుల సంగతి. "కేమ్" అనాల్సిన చోట పిల్ల "కమ్డ్" అందంటే ఎవరో నేర్పిన తప్పు కాదది. భూతకాలానికి ఒక సూత్రం ఉందని తనే కనిపెట్టిందన్నమాట. ఇంగ్లీష్ ఇళ్లలో పుట్టిన పిల్లలు కూడా "వెంట్" బదులు "గోడ్" అంటారు. తప్పుల్లో నేర్చుకునేవాడి ఆలోచన కనపడుతుందని భాషా శాస్త్రవేత్త పిట్ కోర్డర్ 1967లోనే రాశాడు. దిద్దొద్దని కాదు. మాట పూర్తి కానిచ్చి, "ఓ, షీ కేమ్?" అని సరైన రూపంలో తిరిగి అడిగితే సరిపోతుంది. మధ్యలో ఆపితే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

ఇక ముప్పై రోజులు. మొత్తం 60 గంటలు. అమెరికా విదేశాంగ శాఖ ఇంగ్లీష్ మాట్లాడే తమ ఉద్యోగులకు తెలుగు నేర్పడానికి వేసుకున్న అంచనా 44 వారాలు, దాదాపు 1,100 క్లాసు గంటలు. మన చుట్టూ ఇంగ్లీష్ మాటలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి కొంత తగ్గించుకుందాం. ఎంత తగ్గించినా 60కి దిగదు. పైగా ఒక్కసారిగా కుక్కింది త్వరగా జారిపోతుందని, మధ్య మధ్య విరామమిచ్చి తిరగేస్తే నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసి చూపించాడు. మెసేజ్ అడుగున మాత్రం ఒక ఫోన్ నంబరు, "సీట్లు పరిమితం" అన్న మాట ఉన్నాయి.

చెల్లెలికి ఇదంతా రాయలేదు. "వాణ్ణి నాయనమ్మ దగ్గరే పడుకోబెట్టు, తెలుగులో కబుర్లు విననీ. ఆదివారం ఇంగ్లీష్ బొమ్మల పుస్తకం తెస్తాను. బొమ్మల గురించి తెలుగులో కబుర్లు చెప్పుకుంటూ చదవండి" అని పంపాను.